హెబ్రోను ఫస్టు వచ్చినాడంట

మద్రాసు, వేపేరి
1963 ఫిబ్రవరి 4

అత్తయ్యకు,

నేను ఇక్కడ క్షేమం. నీ మోకాలినొప్పి ఎలా ఉంది? బోర్డింగు పిల్లలకు గజ్జి లేచిందని రాశావు, తగ్గిందా? వార్డెనమ్మకు కూడా అంటుకుంటుంది, జాగ్రత్త.

నీ ఉత్తరాలు అందాయి. సి.ఎ. ఆఖరి పరీక్ష ఫలితాలు వచ్చాక ఒకేసారి రాద్దామని ఊరుకున్నాను. మా ఆడిటరు పద్మనాభయ్యగారి ఆఫీసులో పోయిన నెలంతా పనే జరగలేదు. టపా వచ్చే వేళకు గుమాస్తాలందరూ కిటికీ దగ్గరే ఏదో ఒక పని కల్పించుకునేవాళ్ళు.

మొన్న శుక్రవారం వచ్చాయి. నాకు మొదటిది వచ్చింది. రెండోది మేలో చూడాలి. పద్మనాభయ్యగారు గదిలోకి పిలిచి, "మేలో నిదానంగా చూసుకోవయ్యా, తొందరపడొద్దు" అన్నారు.

ఇంతకన్నా రాయడానికి ఈ రోజు మనసు లేదు.

ఇట్లు నీ మేనల్లుడు
హెబ్రోను


ఇందుకూరుపేట
1963 ఫిబ్రవరి 11

చిరంజీవి హెబ్రోనుకు మీ అత్త సామ్రాజ్యం దీవించి రాయునది.

నాయనా, నీ ఉత్తరం పోస్టుమాను చేతిలోంచి లాక్కుని గేటు దగ్గరే నిలబడి చదివాను. మొదటి స్థానం! మీ అమ్మ పోయినప్పుడు పాలసీసాతో నా ఒళ్ళో పడ్డ పిల్లవాడివి. మీ నాన్న ఉండి చూడలేదన్నదే కొరత. ఆ వార్త ఒక్క ముక్కలో రాసి, మనసు లేదని ఊరుకోవడం ఏమిటి? నీకు చిన్నప్పటి నుంచీ గొప్ప చెప్పుకోవడం చేతకాదు. నాకు వచ్చు కనుక సరిపోయింది.

నిన్న ఆరాధన కాగానే గుడిలో లేచి నిలబడి చెప్పాను. "మా హెబ్రోను ఫస్టు వచ్చినాడు!" అన్నానో లేదో, పాస్టరుగారు కృతజ్ఞతా ప్రార్థన మొదలుపెట్టి, అన్నాలు చల్లారిపోయేదాకా వదల్లేదు. బయటికొచ్చాక హెడ్మాస్టరు మాల్యాద్రిగారు ఎదురై, "సి.ఎ.లో ఫస్టంటే ఆషామాషీ కాదమ్మా, దేశం మొత్తానికి ఫస్టు. కలెక్టరు కూడా లేచి కుర్చీ వెయ్యాల" అన్నారు. బోర్డింగు పిల్లలకు రాత్రి కోడికూర పెట్టించాను.

ఇక ఆ రెండో సంగతి. మేలో చూడాలన్నావు. ఎవరి పిల్ల? ఏ ఊరు? ఏ సంఘం? అత్త లేకుండా నువ్వూ మీ ఆడిటరుగారూ పోయి పెళ్ళిచూపులు చూసి వస్తారా? నిదానంగా చూసుకోమన్నారు కనుక ఆయన బుద్ధిమంతుడని తెలుస్తూనే ఉంది. అయినా ఆయనకు మన పద్ధతులు ఏం తెలుసు?

ఇంకో ఇబ్బంది కూడా వచ్చింది. కోట ఊరి నుంచి ఎలిశబెతు వచ్చింది. వాళ్ళమ్మాయి ఆనందకుమారి అక్కడే బళ్ళో టీచరు. ఆ పిల్లను నీకివ్వాలని నిరుటి నుంచీ అడుగుతోంది కదా. "మావాడికి మద్రాసులో ఎవరినో చూసుకున్నారంట ఎలిశబెతూ, మేలో చూపులంట" అని ఉన్న మాట చెప్పేశాను. కాఫీ సగంలో వదిలేసి బస్సుకు పోయింది. నాకు మనసంతా అదోలా ఉంది. ఆనందకుమారి మంచి పిల్ల.

మద్రాసు పిల్ల వివరాలు వెంటనే రాయి.

మీ అత్త
సామ్రాజ్యం


మద్రాసు
1963 ఫిబ్రవరి 15

అత్తయ్యా,

ఎంత పని చేశావు! పిల్లా లేదు, పెళ్ళిచూపులూ లేవు. రెండోది అంటే గ్రూపు. నాకు రెండో గ్రూపు పోయింది. పోయినసారి కూడా అదే పోయింది. కాస్టింగులో గట్టి దెబ్బ తగిలింది. అంతకుముందు తగిలినచోటే మళ్ళీ తగిలింది. పైగా కంపెనీ లా కూడా ముంచింది. ఇక కోలుకుంటానన్న ఆశ నాకు లేదు.

ఫస్టు అని చెప్పిన మాట దయచేసి వెనక్కి తీసుకో. మార్చిలో ఆడిటరుగారి దగ్గర నా ఆర్టికిల్సు శిక్షణ ముగుస్తుంది. ఈ స్థితిలో ఉన్నవాడిని ఆఫీసులో ఉంచుకుంటారో లేదో తెలియదు. హార్బరులో గుమాస్తా పనికి అర్జీ పెడదామనుకుంటున్నాను.

నాకు ఊరికి వచ్చే ముఖం లేదు.

హెబ్రోను


ఇందుకూరుపేట
1963 ఫిబ్రవరి 19

నా బంగారు నాయనా హెబ్రోనూ,

నీ ఉత్తరం అందినప్పటి నుంచి నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. దెబ్బ తగిలిన సంగతి మొదటి ఉత్తరంలోనే ఎందుకు రాయలేదు?

కాస్టింగు అంటే ఏమిటో నాకు తెలియక మాల్యాద్రిగారిని అడిగాను. ఆయన పెద్ద నిఘంటువు తీసి చూసి, "ఇనుము కరిగించి అచ్చుల్లో పొయ్యడమమ్మా. లెక్కలు చూసేదానికి ఇనప ఫ్యాక్టరీకి పోయి ఉంటాడు" అన్నారు. గ్రూపు పోయిందన్న మాట ఆసుపత్రి నర్సుకు చూపిస్తే, "గ్రూపులనేవి నెత్తురుకుంటాయి సామ్రాజ్యమ్మగారూ. రెండో గ్రూపంటే ఏదో మరి, చానా నెత్తురు పోయినట్టుంది" అంది. తగిలినచోటే మళ్ళీ తగిలిందా! పైగా కంపెనీ కూడా నిన్ను ముంచిందా! వైద్యం చేయించకుండా వదిలేశారా ఆ పాపాత్ములు? మాల్యాద్రిగారు లాయరును పెట్టమంటున్నారు.

ఫస్టు రాలేదు, వెనక్కి తీసుకో అని నువ్వు రాసింది కూడా చదివాను. అంత నెత్తురు పోయినవాడు జ్వరంలో ఏదైనా రాస్తాడు. పట్టించుకోలేదు. ముఖం లేదని రాయడం చూసి మాత్రం ఏడ్చేశాను. ముఖం కూడా కాలిందా?

బోర్డింగు వదిలి నేను కదలడానికి లేదు. గూడూరు నుంచి నిమ్మకాయల లారీ మీద మద్రాసు పోయే బడేసాహెబ్‌తో కాలిన గాయాల మందు పంపుతున్నాను. కొబ్బరినూనె, సున్నపుతేట కలిపి నేనే గిలక్కొట్టాను. కోడి ఈకతో పూసుకో. నిమ్మకాయలు గాయాల మీదికి కాదు, తాగడానికి.

సంఘమంతా నీ కోసం ఉపవాసం ఉంది.

మీ అత్త


మద్రాసు
1963 ఫిబ్రవరి 26

అత్తయ్యా,

ముందు ఒక్క మాట: నేను కాలలేదు. ఒంటి మీద గీత కూడా పడలేదు.

బడేసాహెబ్ నిన్న ఆఫీసుకే వచ్చాడు. పద్మనాభయ్యగారు ఒక మిల్లు యజమానితో మాట్లాడుతున్నారు. నిమ్మకాయల గంప నెత్తిన, సీసా చేతిలో పెట్టుకుని నేరుగా ఆయన గదిలోకే వెళ్ళి, "కాలిన పిల్లోడు యాడుండాడయ్యా? సామ్రాజ్యమ్మ మేనల్లుడు" అన్నాడు. నేను పరుగెత్తుకుంటూ వెళ్ళాను.

"చొక్కా ఇప్పు అబ్బయా," అన్నాడు నన్ను చూసి. "యాడ కాలిందో చూసి రమ్మనింది. చూడకుండా పోతే మీ అత్త నన్ను ఊళ్ళోకి రానీదు."

"నాకేం కాలలేదు. పరీక్ష తప్పినాను, అంతే!" అన్నాను.

బడేసాహెబ్ గదిలో అందరినీ ఒకసారి చూసి, "పరీక్ష తప్పితే ఈడ కాలుస్తారా?" అన్నాడు.

మిల్లు యజమాని కుర్చీలో వెనక్కి పడి నవ్వాడు. పద్మనాభయ్యగారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. ఆయన నవ్వడం ఈ నాలుగేళ్ళలో నేను చూడలేదు.

అత్తయ్యా, ఇప్పుడు ఇంగ్లీషు మాట లేకుండా రాస్తాను. నేను పరీక్ష తప్పాను. ఆ పరీక్షకు రెండు భాగాలు. ఒక భాగం గట్టెక్కాను, రెండోది తప్పాను. అది తప్పడం మొదటిసారి కాదు. కాస్టింగు అంటే ఒక సరుకు తయారు కావడానికి ఎంత ఖర్చవుతుందో లెక్కగట్టే చదువు. కంపెనీ లా అంటే చట్టం. రెండూ నాకు రాలేదు.

నాతో మొదలుపెట్టినవాళ్ళు తమ పేర్లతో బోర్డులు కట్టుకున్నారు. వాళ్ళ సైకిలు కనబడితే నేను పక్క సందులోకి తిరుగుతున్నాను. ఫలితాల రోజున మెరీనా దాకా నడిచివెళ్ళి, ఎందుకు వచ్చానో తెలియక, మళ్ళీ నడిచి వచ్చి పస్తు పడుకున్నాను. ఇరవై ఆరేళ్ళు వచ్చాయి. నేను దేనికి పనికొస్తానో నాకే తెలియడం లేదు.

బడేసాహెబ్ వెళ్ళాక పద్మనాభయ్యగారు, "హార్బరుకు పోతానంటే ఆపను. కానీ నువ్వు చూసిన లెక్కలు నేను మళ్ళీ చూడాల్సిన పని పడటం లేదు. మే దాకా ఉండి పోరాదూ?" అన్నారు. తల ఊపి వచ్చాను.

నీ మందు మా మెస్సు వంటాయనకు ఇచ్చాను. ఆయనకు నిజంగానే చెయ్యి కాలింది. తగ్గుతోందట.

సంఘంలో నువ్వే ఎలాగో చెప్పు. నాకు ధైర్యం లేదు.

హెబ్రోను


ఇందుకూరుపేట
1963 మార్చి 5

హెబ్రోనుకు,

నీ ఉత్తరం బోర్డింగు వంటింట్లో కూర్చుని మళ్ళీ మళ్ళీ చదివాను. నువ్వు తప్పినందుకు ఏడవలేదు నాయనా. అత్తకు ఆ ఒక్క మాట చెప్పడానికి అన్ని ఇంగ్లీషు మాటల వెనక దాక్కున్నావే, దానికి ఏడ్చాను. నేనంత భయంకరమైన మనిషినా?

ఆదివారం గుడిలో లేచాను. "మా హెబ్రోను ఫస్టు రాలేదు. కాలనూ లేదు. పరీక్ష తప్పినాడు, ముందుసారీ తప్పినాడు. నేనే తప్పు చదివినాను" అన్నాను. మగవాళ్ళ వైపు నుంచి ఎవరో "అమ్మయ్య!" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. బయటికొచ్చాక తెలిసింది: ఫస్టు కబురు చెప్పినప్పటి నుంచి ఊళ్ళో ప్రతి తండ్రీ నీ పేరు చెప్పి పిల్లల వీపు పగలగొడుతున్నాడట. మా బోర్డింగు ఆడపిల్లలైతే నేను అటు తిరగ్గానే చప్పట్లు కొట్టారు. ఎన్నడూ లేనిది, నీ క్షేమం కోసం పిల్లలే ప్రార్థన చేశారు. మాల్యాద్రిగారు మాత్రం నిఘంటువు పాతదని చెప్పి వెళ్ళిపోయారు.

సోమవారం కోటకు పోయాను. పాడు చేసింది నేనే కనుక బాగు చేయాల్సింది కూడా నేనే కదా. ఎలిశబెతు నన్ను లోపలికి రమ్మనలేదు.

"ఎలిశబెతూ, మా వాడు ఫస్టు రాలేదు," అన్నాను.

"పోనీలే. మద్రాసు పిల్ల?"

"పిల్ల కూడా లేదు."

"ఉద్యోగం?"

"మే దాకా ఉంటుందంట. ఆ తర్వాత తెలీదు."

"ఏమీ లేకుండా ఎందుకొచ్చినావు అమ్మే!" అంది.

లోపల ఎవరో కిసుక్కుమన్నారు. ఆనందకుమారి పరీక్ష పేపర్లు దిద్దుతున్న ఎర్ర పెన్సిలు చేత్తో పట్టుకునే బయటికి వచ్చింది. "కాలినాడన్నారు అత్తమ్మా, అదన్నా నిజమా?" అని అడిగింది.

"అదీ లేదమ్మా."

"అయితే మనిషి బాగుండాడు కదా. లోపలికి రాండి" అని కుర్చీ వేసింది.

అంతకన్నా ఇప్పుడేమీ రాయను. మళ్ళీ తప్పు చదివానంటావు. మే పరీక్ష రాయి. హార్బరుకు అర్జీ పెడితే పెట్టు, కానీ పరీక్ష రాసి పెట్టు. అయ్యాక ఊరికి రా. రాకపోతే ఈసారి మందు పంపను, నేనే వస్తాను.

మీ అత్త
సామ్రాజ్యం


మద్రాసు
1963 ఏప్రిల్ 21

అత్తయ్యా,

పరీక్ష దగ్గరికి వచ్చింది. అర్జీ పెట్టలేదు. పద్మనాభయ్యగారు సాయంత్రాలు తొందరగా వదులుతున్నారు. నేను చదువుతున్నాను, కానీ చదివింది చదివినట్టే జారిపోతోంది. పేజీ చివరికి వచ్చేసరికి మొదట్లో ఉన్నది ఎవరో వేరేవాళ్ళు చదివినట్టుంటుంది. నిన్న మధ్యాహ్నం పుస్తకం మూసేసి జంతుప్రదర్శనశాలకు వెళ్ళి కోతుల ముందు కూర్చున్నాను. వాటికి ఏ పరీక్షా లేదు. అయినా ఒకదాని ముఖంలో కూడా సంతోషం కనబడలేదు. అది చూశాక కాస్త ధైర్యం వచ్చి తిరిగి వచ్చేశాను.

ఊరికి వస్తాను. గుడికి మాత్రం రానని ఇప్పుడే చెబుతున్నాను.

కోట వాళ్ళు మళ్ళీ ఏమైనా అన్నారా? ఊరికే అడుగుతున్నాను.

హెబ్రోను


ఇందుకూరుపేట
1963 మే 29

చిరంజీవి హెబ్రోనుకు,

నువ్వు తిరిగి మద్రాసు క్షేమంగా చేరినట్టు కార్డు అందింది. గుడికి రానన్నవాడివి వచ్చావు. వచ్చినవాడివి కానుకల పళ్ళెం కూడా పట్టావు. ఎవరన్నా నిన్ను కొరికారా? పరీక్ష ఎట్టా రాశావని కూడా ఎవరూ అడగలేదు చూడు. అడగొద్దని పాస్టరుగారు ముందు ఆదివారమే గట్టిగా చెప్పారట. ఆ సంగతి నాకూ నువ్వు వెళ్ళాకే తెలిసింది.

నువ్వు బస్సెక్కిన మర్నాడు ఎలిశబెతూ ఆనందకుమారీ వచ్చారు. నువ్వు ఇక్కడున్నప్పుడు మైపాడు సముద్రం దగ్గర, నేనూ ఎలిశబెతూ పడవ నీడలో కాచుకుని కూర్చుంటే, మీరిద్దరూ అంతసేపు ఏం మాట్లాడుకున్నారని పిల్లను అడిగాను.

"కంపెనీలో వాటాలంటే ఏందో చెప్పించుకున్నా అత్తమ్మా" అంది.

"అర్థమైందా?"

"నాకు కాలేదు. మళ్ళీ మళ్ళీ చెప్పమన్నా. చెప్పి చెప్పి ఆయనకైతే అయింది."

ఎలిశబెతుకు నువ్వు నచ్చావు. బక్కగా ఉన్నావంది, అది తప్ప వంక పెట్టలేదు. "పిల్లోడు మంచోడే. ఆగస్టులో ఆ ఫలితాలేవో రానీ, అప్పుడు ఖాయం చేసుకుందాం" అంది. నేనూ సరేనన్నాను. ఆనందకుమారి ఒప్పుకోలేదు.

"ఫలితాలకు ముందే పెళ్ళి కావాల" అంది.

వాళ్ళమ్మ నోరు తెరిచింది. "ఏందే ఆ తొందర? తప్పితే?"

"తప్పినాక చేసుకుంటే జాలిపడి చేసుకున్నానంటారు. పాసైనాక చేసుకుంటే పాసైనందుకు చేసుకున్నానంటారు. ఏదీ తెలీకముందే అయిపోతే ఎవరూ ఏమీ అనేదానికి ఉండదు. ఆయన కూడా అనుకునేదానికి ఉండదు."

ఎలిశబెతు నా వైపు చూసింది. నేను ఎలిశబెతు వైపు చూశాను. ఇద్దరం కలిసి క్యాలెండరు వైపు చూశాం. జూన్ ఇరవై రెండు శనివారం. పాస్టరుగారు ఖాళీగా ఉన్నారు. నీకిష్టమేనా అని అడగడం పద్ధతి కనుక అడుగుతున్నాను. జవాబు ఒక్క మాటలో రాయి. రెండు మాటలు రాస్తే నేనింకేదైనా చదువుతాను.

మీ అత్త
సామ్రాజ్యం


మద్రాసు
1963 జూన్ 2

అత్తయ్యా,

ఇష్టమే.

హెబ్రోను


మద్రాసు, పెరంబూరు
1963 ఆగస్టు 10

అత్తయ్యకు,

నేనూ ఆనందకుమారీ క్షేమం. తనకు ఇక్కడి తెలుగు బళ్ళో పని దొరికింది. పద్మనాభయ్యగారు నన్ను జీతానికి తీసుకున్నారు. ఇక అసలు సంగతి.

తప్పాను.

నిన్న మధ్యాహ్నం ఆఫీసులో తెలిసింది. సాయంత్రం ఇంటికి ఎలా వెళ్ళాలో తెలియలేదు. ఇంతకుముందు తప్పినప్పుడు నా గది తలుపు వేసుకుంటే సరిపోయేది. ఇప్పుడు తలుపు లోపలే మనిషి ఉంది. బస్సు దిగి, మా వీధి దాటి ముందుకు పోయి, మళ్ళీ వెనక్కి వచ్చాను. ఏ మాటలతో మొదలుపెట్టాలో దారి పొడవునా కూర్చుకున్నాను. గడప దాటేసరికి అన్నీ పోయాయి.

తను వంజరం చేప ముక్కలు వేయిస్తోంది. పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే నా ముఖం చూసి, "ఏం?" అంది.

"తప్పాను."

"ఎన్నిట్లో?"

"కాస్టింగులో."

"పోయినసారి?"

"కాస్టింగు, కంపెనీ లా. ఇంకొకటి కూడా అంతంత మాత్రమే."

చేపముక్క తిరగేసింది. "అయితే తగ్గతా ఉండాయి" అంది. "కాళ్ళు కడుక్కోని రాండి, చల్లారితే బాగుండదు."

పెరట్లోకి వెళ్ళి కాళ్ళు కడుక్కుంటూ నిలబడ్డాను. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూశాను. చేపల వాసన వచ్చింది. నాకు ఆకలి వేస్తోందని తెలిసింది. మధ్యాహ్నం నుంచీ ఏమీ తినలేదు.

నవంబరు పరీక్షకు మళ్ళీ ఫీజు కడుతున్నాను. అది అవుతుందో కాదో ఇప్పుడు ఏమీ చెప్పను. అయినా కాకపోయినా సోమవారం పొద్దున ఆఫీసుకు పోవాలి. ఒక చక్కెర మిల్లు లెక్కలు చూడాలి. నాకు ఆ పని ఇష్టమని ఈ మధ్యే తెలుసుకున్నాను.

గుడిలో చెప్పాలంటే చెప్పు, మానాలంటే మాను. నిన్న రాత్రి నేను పక్కన పెట్టిన చేపముక్క కూడా వేయించుకుని తిన్నాను. పరీక్ష తప్పిన రోజున కడుపునిండా అన్నం తినడం నా జీవితంలో ఇదే మొదలు. నీకు ముఖ్యంగా రాయాలనుకున్నది అదే.

నీ మేనల్లుడు
హెబ్రోను